చెప్తాది, చెయ్యదు

పొద్దున్నే చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ తీస్తూ "అబ్బా, నడుము పట్టేసిందే" అన్నాను. మంచం మీద కూర్చుని కాఫీ ఊదుకుంటున్న మా అత్త విశ్వాసమ్మ చెవిన ఆ మాట పడనే పడింది. "ఫ్యాను కింద కూసోని వచ్చేదానికి నడుమెందుకు పడతాది పాపా? మేము నడిఎండలో చెనిక్కాయ పీకినాం. మాకు లేవా నడుములు?" అంది. ఆమె మాటలో అబద్ధం లేదు మరి. కమలాపురం చుట్టూ ఉన్న చేలన్నీ ఆమె చేతులకు తెలుసు. మొగుడు పోయాక కూలికి పోయి కొడుకును బి.ఇడి. దాకా చదివించిన మనిషి. అట్లాంటామె ముందు "నేనూ కష్టపడుతున్నానత్తా" అనాలంటే నాకే సిగ్గేస్తుంది. సిగ్గేసినంత మాత్రాన నడుం నొప్పి తగ్గదు కదా! ఆ కోపమంతా చిక్కుడుకాయల మీద చూపించాను. పురుగు పట్టినవి ఒకటి రెండు కూరలోకి పోయే ఉంటాయి.

అప్పుడే మా ఆయన యేసుప్రసాద్ బనీనుతో వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు. "స్తుతీ, బేస్తవారం నేను బడికి సెలవు పెట్టినా. ఇద్దరం పోదాం. ఆ ప్రమోషన్ వద్దని చెప్పేసి, అట్లనే కడపలో మహిమకు బూట్లు తీసుకోని మధ్యాన్నానికి వచ్చేద్దాం" అన్నాడు.

ఎంత తేలిగ్గా అన్నాడో చూడండి. నా ప్రమోషనూ, పిల్ల బూట్లూ ఒకే సంచిలో పడిపోయాయి. నేను జూనియర్ అసిస్టెంటుగా చేరినప్పుడు మహిమ పుట్టనేలేదు. ఇప్పుడది ఆరో తరగతి. ఇన్నేళ్లకు సీనియర్ అసిస్టెంటు జాబితాలో నా పేరు వచ్చింది. కౌన్సెలింగులో ఊరు ఎంచుకోవడానికి నా వరస వచ్చేసరికి మిగిలేది బద్వేలు ఒక్కటేనని ఆఫీసులో అందరూ లెక్క గట్టారు. కమలాపురం నుంచి బద్వేలుకు రోజూ పోయి రావడం జరిగే పని కాదు. అక్కడ గది తీసుకుని ఉండాలి, శనివారం రాత్రికి ఇల్లు చేరాలి. వద్దంటే నా వెనక చేరిన పిల్లలంతా నా తల మీదుగా పైకి పోతారు, నేను వాళ్లకే "సార్, మేడం" అని ఫైళ్లు పెడుతూ ఉంటాను. ఇంట్లో ఈ మాట వచ్చిన మొదటి రోజే మా ఆయన "బద్వేలా? అయితే ఇంట్లో ఎవురు?" అన్నాడు. నేనేమీ అనలేదు. మౌనం అర్ధాంగీకారం అంటారు. మా ఇంట్లో నా మౌనం సంపూర్ణ అంగీకారం, దాని మీద సీలు కూడా పడిపోతుంది.

నాకా ఉద్యోగం కావాలి. దాచుకోవడమెందుకు, గట్టిగా కావాలి. ఏడాది కిందట ఇదే ప్రమోషన్ వచ్చుంటే మా ఆయన కంటే ముందు నేనే "అబ్బే, మనకెందుకండీ" అనేదాన్నేమో. మరి ఈ ఏడాదిలో ఏమైందంటే, మా ఆఫీసుకు రత్నమణి మేడం వచ్చింది.

ఏ శాఖో, ఏ ఆఫీసో చెప్పను. చెబితే గోపన్న సారు గుర్తుపట్టి అలుగుతాడు. కడపలో ఒక ఆఫీసు అనుకోండి, చాలు. ఆ ఆఫీసులో నేను 'చురుకైన పిల్ల'ను. చురుకైన పిల్ల అంటే ఏమిటో ఉద్యోగాలు చేసే ఆడవాళ్లకు నేను విడమరిచి చెప్పనక్కర్లేదు. లాగే ఎద్దునే ఇంకా పొడుస్తారంటారే, అదీ సంగతి. ఫైళ్లన్నీ కంప్యూటర్లోకి వచ్చాక ఎవరి పాస్‌వర్డు వాళ్లకిచ్చారు, ఎవరి ఫైళ్లు వాళ్లే నడపాలన్నారు. మరుసటి వారమే సీనియర్ అసిస్టెంటు గోపన్న సారు నా టేబుల్ దగ్గరికి వచ్చి, "పాపా, నా పాస్‌వర్డు నువ్వే పెట్టుకో. ఈ కండ్లకు ఆ అక్షరాలు యాడ కనపడతాయి?" అన్నాడు. అవే కళ్లతో ఫోన్లో క్రికెట్ చూస్తూ బంతి గీత దాటిందో లేదో అంపైరు కంటే ముందు చెప్తాడు! ఆయన్ను చూసి పక్క సీటులో ఉండే పరమేష్. వాడు నాకంటే చిన్నవాడు, కళ్లద్దాలు కూడా లేవు. "అక్కా, నువ్వైతే చకచకా చేసేస్తావు, నాకు టైం పడతాది" అని వాడిదీ ఇచ్చేశాడు. పొద్దున స్తుతిగా కూర్చునేదాన్ని, పదకొండుకు గోపన్నను అయ్యేదాన్ని, మధ్యాహ్నం పరమేష్‌ను. నా ఫైళ్లు నేను చూసుకునేసరికి ఆఫీసులో లైట్లు ఆర్పుతుండేవాళ్లు. ఒకసారి మా ఆఫీసరు అందరి ముందూ, "గోపన్నా, ఈ మధ్య నోట్లు బాగా రాస్తాండావే" అన్నాడు. గోపన్న సారు చేతులు కట్టుకుని వంగి నవ్వాడు. సాయంత్రం నాకొక సమోసా తెచ్చిచ్చాడు. నేను "థ్యాంక్స్ సార్" అని తిన్నాను. వేడిగానే ఉండింది.

రత్నమణి మేడం ఆదోని వైపు మనిషి. సూపరింటెండెంటుగా బదిలీ మీద వచ్చింది. భర్తది ఆదోనిలోనే ఉద్యోగం, ఈమె కడపలో చిన్న ఇల్లు తీసుకుని ఒక్కతే ఉంటుందని తెలిసి ఆఫీసులో మగవాళ్లు రెండు రోజులు టీ కొట్టు దగ్గర దాని మీదే బతికారు. మనిషి మరీ మంచి మాటకారేమీ కాదు. మొహాన నవ్వు తక్కువ, పేర్లు గుర్తుండవు, నన్ను చాలా రోజులు 'కీర్తి' అని పిలిచింది. వచ్చిన రోజు తన కుర్చీ వీపుకు కప్పిన తెల్ల తువ్వాలును తీసి అటెండరు చేతికిచ్చి, "నేను ఇంట్లోనే నీళ్లు పోసుకోని వచ్చినా" అంది. నాకు నవ్వాగలేదు. ఆ క్షణం నుంచే ఆమె మీద ఒక కన్ను వేసి పెట్టాను.

చూసేకొద్దీ నాకు అబ్బురం. పని చేయడంలో ఇంత అందం ఉంటుందని నాకు తెలియదు. పొద్దున రాగానే మంచినీళ్లు తాగి, అందరూ తప్పించుకు తిరిగే ఫైలేదో దాన్నే ముందు తెరిచేది. కోర్టు వ్యవహారమో, పై ఆఫీసు నుంచి అక్షింతలు పడ్డదో. "కడుపులో తిప్పే పని పొద్దున్నే చేసేయాలమ్మా. సంగటి తిన్నాక చేద్దామంటే నిద్దరొస్తాది, రేపు చేద్దామంటే రాత్రి నిద్దర పోతాది" అనేది. ఎవరైనా రైతు వస్తే కూర్చోబెట్టేది. "రేపు రా" అనే మాట ఆమె నోట నేను వినలేదు. "నీ కాగితం ఇంకా పైనుంచి రాలేదు, మంగళవారం వస్తాది, బుధవారం రా. అంతకుముందు వచ్చి బస్సు చార్జీ పోగొట్టుకోవద్దు" అని చెప్పేది. బుధవారం ఆ పని అయ్యేది కూడా. అన్నం తినేటప్పుడు ఫైలు తెస్తే తలెత్తేది కాదు. "అన్నం కాడికి అన్నమే రావాల" అనేది. చెనిక్కాయల పొడి కలుపుకున్న ముద్దను ఆమె అట్లా తీరిగ్గా, రుచి చూస్తూ తింటుంటే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి ఒకరోజు. నవ్వుతారేమో, నిజంగానే తిరిగాయి. నేను అన్నం తిని ఎన్నాళ్లయిందో, మింగడమే తప్ప! పొద్దున ఇంట్లో నిలబడి మింగుతాను, మధ్యాహ్నం ఒక చేత్తో మౌసు పట్టుకుని మింగుతాను.

మీటింగుల్లో టీ సంగతి కూడా చెప్పాలి. ఫ్లాస్కు రాగానే అందరి కళ్లూ నా వైపు తిరిగేవి. ఎవరూ పొయ్యమని అడగరు, చూస్తారంతే. నేను లేచేదాన్ని. గ్లాసులు పంచి వచ్చేసరికి మీటింగులో రెండు విషయాలు దాటిపోయేవి, నా సబ్జెక్టు ఫైళ్ల గురించి నన్నడిగితే తెల్లమొహం వేసేదాన్ని. మేడం వచ్చాక మొదటి మీటింగులో నేను అలవాటు కొద్దీ లేవబోతుంటే, ఆమె చెయ్యి చాపి ఫ్లాస్కు అందుకుంది. తన గ్లాసులోకి పోసుకుంది. పక్కనున్న పరమేష్ వైపు జరిపి, "పోసుకోని పక్కకియ్యప్పా" అంది. అంతే. పరమేష్ పోసుకుని గోపన్న సారుకిచ్చాడు. ఫ్లాస్కు బల్ల చుట్టూ తిరిగి నా దగ్గరికి వచ్చింది. ఆ రోజు నేను కూర్చుని, వేడి వేడి టీ తాగుతూ, మీటింగు మొత్తం విన్నాను. ఉపన్యాసం లేదు, పోట్లాట లేదు, ఎవరికీ అవమానం కాలేదు. ఇట్లాంటి మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

నా మాటల మీద కూడా ఆమె కన్ను పడింది ఒకసారి. ఏదైనా నోటు చూపించడానికి పోతే "తప్పయితే చెప్పండి మేడం, ఏదో నాకు తోచింది రాసినా" అని మొదలుపెట్టేదాన్ని. కొన్నాళ్లు ఊరుకుంది. తర్వాత, "కీర్తీ, అది తప్పా?" అని అడిగింది. "స్తుతి మేడం. తప్పు కాదు మేడం, రూలు చూసే రాసినా" అన్నాను. "మరి తప్పయితే అని నువ్వే ముందు అంటే, చదివేవాడు తప్పు కోసమే ఎతుకుతాడు. 'రూలు చూసి రాసినా' అని చెప్పు. అదే కదా నిజం?" అంది. నిజమే కదా! నాలుగైదు సార్లు ఇంట్లో గిన్నెలు తోముతూ "రూలు చూసి రాసినా, రూలు చూసి రాసినా" అని అనుకున్నాను. మా అత్త "ఏంది పాపా గొణుగుతాండావు, ప్రార్థనా?" అంది. "ఆఁ, అట్లాంటిదే అత్తా" అన్నాను.

ఇక పాస్‌వర్డుల సంగతి బయటపడిన రోజు. నేను గోపన్న సారు పేరుతో ఫైలు నడుపుతుంటే మేడం నా వెనక నిలబడి ఉంది. నేను చూడలేదు. "నువ్వు ఎప్పట్నుంచి గోపన్నవు?" అంది. నా ప్రాణం పోయింది. లేచి నిలబడి ఏదేదో చెప్పాను, సారుకు కళ్లు కనపడవని, పరమేష్‌కు టైం పడుతుందని. ఆమె వినింది. నన్ను ఒక్క మాట అనలేదు. ఇద్దరినీ పిలిచి, "పాస్‌వర్డంటే పండ్లు తోముకునే బ్రష్షప్పా. ఒకరిది ఇంకొకరు పెట్టుకోకూడదు. ఈరోజే మార్చుకోండి" అంది. గోపన్న సారు నొచ్చుకున్నాడు. "అదేంది మేడం, పాప చేస్తాంది కదా, దానికి అలవాటే. మా ఇంట్లో పిల్ల లెక్క మాకు" అన్నాడు. మేడం చాలా మెత్తగా, "మీ ఇంట్లో పిల్లే అయితే దాని పేరు మీద చేసుకోనీ సార్. మీకు తెలీంది అడగండి. స్తుతి చెప్తాది. చెయ్యదు" అంది.

చెప్తాది, చెయ్యదు. ఈ రెండు మాటలు నేను ఆ రోజంతా చప్పరించాను. నాకు ఇన్నాళ్లూ రెండే దారులు తెలుసు. అడిగినవాళ్లకల్లా చేసిపెట్టడం, లేదంటే రాక్షసి అనిపించుకోవడం. మధ్యలో ఇంత చక్కని దారి ఒకటుందని ఎవరూ చెప్పలేదే! గోపన్న సారు మొదటి ఫైలుకు పూట పట్టింది. మాటిమాటికీ "పాపా, ఇది యాడ నొక్కాల?" అని కేక. నేను కుర్చీలోంచే చెప్పాను. లేచిపోయి రెండు నిమిషాల్లో చేసేద్దామని చేతులు ఒకటే జిల. బల్లను గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. నెల తిరిగేసరికి ఆయనే "నేనే చేసినా చూడు పాపా, ఎవురి సాయం లేకుండా!" అని తెర నా వైపు తిప్పి చూపించాడు. మొహం వెలిగిపోతోంది. ఆ ముసలాయన సంతోషాన్ని కూడా ఇన్నాళ్లూ నేనే నొక్కిపెట్టానా అనిపించింది.

నాకు మధ్యాహ్నాలు మిగిలాయి. నా సబ్జెక్టు పాత ఉత్తర్వులన్నీ తీసి చదివాను, రైతుల అర్జీలు ఎక్కడ ఆగిపోతున్నాయో పట్టుకున్నాను, ఎట్లా కదిలించాలో ఒక నోటు రాశాను. అది చదివి ఆఫీసరు మేడంను పిలిచి, "ఇది మీరు రాసినారా?" అన్నాడట. "కాదు సార్, స్తుతి. పిలిపిస్తా, ఆమెనే అడగండి" అంది మేడం. నా బదులు ఆమె చెప్పేయొచ్చు, ఇంకా బాగా చెప్పేది కూడా. చెప్పలేదు. నేను ఆ గదిలోకి పోయి, రూలు చూసి రాసిన ప్రతి ముక్కా నేనే చెప్పాను. ఆయన "బాగుండాది" అన్నాడు. ఆ మాట నాకు వచ్చింది, నా పేరుకు వచ్చింది. బయటికి వచ్చి బాత్రూములో దూరి పంపు తిప్పి ఏడ్చాను. సంతోషమొస్తే కూడా దాక్కుని ఏడ్చే అలవాటు ఆడవాళ్లకు ఎవరు నేర్పారో గానీ!

ఇంత జరిగాక ఇల్లు మాత్రం పాత ఇల్లులాగే ఎట్లా కనపడుతుంది? మా ఇంట్లో కూడా అందరి పాస్‌వర్డులూ నా దగ్గరే. అత్త బీపీ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో, గ్యాసు ఎప్పుడు బుక్ చేయాలో, మా ఆయన ఆదివారం చర్చికి ఏ చొక్కా తొడుక్కుంటాడో, మహిమకు ఏ రోజు ఏ పరీక్షో. ఒకరోజు మా ఆయనతో, "రేపటి నుంచి మహిమ డబ్బా మీరు కట్టండి" అన్నాను. "నువ్వు చేస్తే అయిదు నిమిషాలు, నేను చేస్తే గంట పడతాది స్తుతీ" అన్నాడు. నేను పగలబడి నవ్వాను. ఆయనకు అర్థం కాలేదు పాపం. పరమేష్ గొంతు విని నవ్వానని ఎట్లా చెప్పను? "చెప్తాను, చెయ్యను" అన్నాను. చెడ్డమనిషి కాదు మా ఆయన. చెయ్యెత్తడు, తాగడు, నా జీతం అడగడు. చర్చిలో యువకుల కూటానికి పెద్ద, లోకంలో అందరి కష్టాలూ పేరు పేరునా ప్రార్థనలో చెప్తాడు. తిన్న పళ్లెం మాత్రం ఎక్కడ తిన్నాడో అక్కడే ఉంటుంది. అయినా ఆ వారం తిప్పలు పడి చిత్రాన్నం కలిపాడు. మా అత్త తల కొట్టుకుంది. "మగోని చేత తాలింపు పెట్టిస్తాండావా పాపా? వాళ్ల నాయన చెంబుడు నీళ్లు ముంచుకోని తాగినోడు కాదు" అంది. "అందుకే కదత్తా నీ నడుము అట్లయింది" అన్నాను. ఆమె నా మొహంలోకి చూసింది. "పో మ్మే" అని అటు తిరిగి పడుకుంది. తిట్టలేదు. సాయంత్రం మహిమ వచ్చి, "నాయనా, ఉప్పు లేదు. అయినా మా నాయన చేసినాడని అందరికీ పెట్టినా" అంది. ఆయన ఆ రోజంతా మురిశాడు. పదిహేను రోజులు సాగింది ఆ మురిపెం. తర్వాత బడిలో పరీక్షల డ్యూటీ అన్నాడు, డబ్బా మళ్లీ నా చేతికి వచ్చింది.

అట్లాంటి రోజుల్లో వచ్చింది ప్రమోషన్ జాబితా. కౌన్సెలింగుకు మూడు రోజులుందనగా అన్నం వేళ మేడం దగ్గర కూర్చుని అడిగాను. "మేడం, మీరైతే ఏం చేస్తారు?"

"నేను కాదు కదా" అంది, ముద్ద కలుపుతూ.

"మీరు పొమ్మంటే పోతా మేడం. మీరొక్క మాట చెప్తే నాకు ధైర్యం."

"ఏ ఫైలైనా చూస్తానమ్మా. ఇది మాత్రం నా టేబుల్ మీద పెట్టద్దు. నేను పొమ్మని, రేపు ఆడ జ్వరమొచ్చి ఒక్కదానివే పండుకుంటే నన్ను తిట్టుకుంటావు. వద్దంటే బతికినన్నాళ్లూ తిట్టుకుంటావు. ఎట్లయినా నీ బతుక్కు నన్ను జవాబుదారీ చేసేదే కదా?"

నాకు ఒళ్లు మండిపోయింది. డబ్బా మూత ఠపీమని పెట్టి లేచాను. ఇన్నాళ్లూ ఈమె వెనకాల కోడిపిల్లలా తిరిగితే, అవసరానికి ఇంత మాట అంటుందా? రాయి ఈమె, ఆదోని బండరాయి! తలుపు దాకా పోయాక వెనక నుంచి అంది. "హాలు ఎట్లుంటాదో మాత్రం చెప్తా, విను. పేరు పిలిచినాక ఆలోచించుకునేదానికి టైం ఇయ్యరు. నువ్వు నసిగితే నీ బదులు ఇంకెవరో మాట్లాడేస్తారు. ఏ మీటింగుకైనా అంతే, ఆలోచన ఈడనే ముగించుకోని పోవాల." నేను తిరిగి చూడలేదు.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని కమలాపురం వచ్చేదాకా ఆమెను తిట్టుకున్నాను. తిట్టుకుంటూ తిట్టుకుంటూ ఉంటే కోపం ఆమె మీద కాదని తెలిసింది. నాకు కావాల్సింది సలహా కాదు, సాకు. "మేడం పొమ్మంది" అని ఇంట్లో చెప్పుకోవడానికి ఒక పెద్ద పేరు. పోయినా నా పేరు మీద పోకూడదు, మానుకున్నా నా పేరు మీద మానుకోకూడదు. అది తెలిశాక ఇక నా పేరు మీదే ఆలోచించాను. బద్వేల్లో ఒక గది. పొద్దున లేస్తే ఒక్క మనిషికి కాఫీ. భయమేసింది, దాని వెనకే ఆశ కూడా వేసింది. వారంలో ఆరు రోజులు మహిమ తల దువ్వకుండా ఉండగలనా అనుకుంటే గుండె పిండినట్టయింది. ఆ సాయంత్రం దాని తల దువ్వుతూ, "నేను బద్వేల్లో ఉండాల్సొస్తే నువ్వు నాతో వస్తావా?" అని అడిగాను. ఎగిరి గంతేస్తుందనుకున్నాను. "నేనెందుకు మా? నా స్నేహితులంతా ఈడనే కదా. నువ్వు పో, శనివారం వస్తావు కదా. నాయనకు, జేజికి నేను చెప్తాలే యాడేముండాదో" అంది. "చెప్తా. నేను చెయ్యను" అని కూడా అంది! అది నన్ను అంత సులభంగా వదిలేసినందుకు మనసు చివుక్కుమంది. చివుక్కుమంటూనే దాన్ని దగ్గరికి లాక్కుని ముద్దుపెట్టుకున్నాను.

బుధవారం సాయంత్రం మా ఆయనకు చెబుదామని ఆయన పక్కన కూర్చున్నాను. "ఏమండీ, బద్వేలు సంగతి నేను ఆలోచించినా" అన్నాను. ఆయన జవాబు పత్రాలు దిద్దుతున్నాడు. "ఇంకా ఆలోచించేదేముండాది స్తుతీ, తేలిపోయింది కదా. రెండేండ్లాగితే కడపలోనే వస్తాదిలే. అది సరే గానీ మహిమ బూట్లు ఏ సైజు?" అన్నాడు. "అది కాదండీ, నేను పోదామని..." అన్నాను. "పోదాం, పోదాం, ఎనిమిదింటి బస్సుకే పోదాం" అన్నాడు, తలెత్తకుండానే. ఎర్ర సిరా పెన్ను ఏ పిల్లవాడి తప్పునో సున్న చుడుతోంది. నేను లేచి వెళ్లి పాలు తోడేశాను.

బేస్తవారం కడపలో ఆ హాలు నిండా మనుషులు. మగవాళ్లు ఎవరికి వాళ్లే వచ్చారు. ఆడవాళ్ల వెనక మాత్రం ఒక్కో మొగుడు, లేదా అన్న, లేదా మామ. ముందు హనుమేష్ అని ఒకాయన పేరు పిలిచారు. ఆయన ఏదో దూరపు ఊరు కోరుకున్నాడు. బల్ల వెనకున్న పెద్దాఫీసరు "ఎప్పుడు చేరతావప్పా?" అన్నాడు. "సోమవారం సార్." అయిపోయింది. తర్వాత శివలీల అనే ఆమె. నాకు పరిచయం లేదు. ఆమె బల్ల దగ్గరికి పోయేలోపే వెనక నుంచి ఆమె భర్త, "ఈమె వద్దంటాంది సార్, పిల్లలు చిన్నోళ్లు" అన్నాడు. ఆమె నోరు తెరవనేలేదు. చూపించిన చోట సంతకం పెట్టింది. పోతూ పోతూ గోడ మీద తెరపై ఉన్న ఊర్ల పేర్లను ఒక్కసారి తల తిప్పి చూసుకుంది.

"కె. స్తుతి" అన్నారు. లేచాను. మా ఆయన కూడా లేచి నా వెనకే వచ్చాడు, చేతిలో నా గొడుగు పట్టుకుని. బల్ల దగ్గర ఆఫీసరు మంచి మనిషిలాగే ఉన్నాడు, అలసిపోయి ఉన్నాడు, మా ఇద్దరినీ చూసి చిన్నగా నవ్వాడు కూడా. "మీకు మిగిలింది బద్వేలమ్మా" అన్నాడు. మా ఆయన గొంతు సవరించుకుని, "సార్, మా ఆమె ఏమంటాందంటే..." అని మొదలుపెట్టాడు.

"బద్వేలు తీసుకుంటా సార్. సోమవారం చేరతా" అన్నాను. నా గొంతు కాస్త పెద్దగానే వచ్చింది. పక్క బల్ల దగ్గరివాళ్లు ఇటు తిరిగారు.

ఆఫీసరు రాయబోయిన పెన్ను ఆపాడు. నన్ను చూశాడు, నా భుజం మీదుగా ఆయన్ను చూశాడు, మళ్లీ నన్ను చూశాడు. హనుమేష్‌ను అడగని ప్రశ్న నన్నడిగాడు.

"ఇంట్లో చెప్పినావామ్మా?"

"చెప్పినా సార్. మా ఆయన ఈడనే ఉండారు. ఇప్పుడు విన్నారు."